మరలివచ్చినవారి తోడు

దక్షిణ అండమానులో శ్రీ విజయపురమునకు సమీపమున గరాచర్మ అను ఊరు కలదు. (ఆ పట్టణమును 2024 సెప్టెంబరు వరకు పోర్టు బ్లెయిరు అని పిలిచెడివారు.) ఒకే వీధిలో బెంగాలీ, హిందీ, తమిళము, తెలుగు వినవచ్చు ఊరది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవుల జనులలో సుమారు 13 శాతము మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి కూలిపనికి, చేపలవేటకు వచ్చి స్థిరపడిన కుటుంబములు వీరిలో అనేకము కలవు.

ఈ నేలకు ఒక పూర్వచరిత్ర కలదు. 1858 మార్చి 10వ తేదీన డాక్టరు జె. పి. వాకర్ అను అధికారి 200 మంది ఖైదీలతో ఈ రేవున దిగెను. మొదట వచ్చినవారిలో 1857 తిరుగుబాటులో పాల్గొన్నవారు పలువురు. తరువాత హత్యలకు, దోపిడీలకు ద్వీపాంతరవాస శిక్ష పడినవారిని దేశము నలుమూలల నుండి ఓడలపై పంపుచు వచ్చిరి. 1901లో ఈ ఖైదీల సెటిల్‌మెంటులో 16,256 మంది జనులుండగా వారిలో 11,947 మంది ఖైదీలే. పాలనకొరకు సెటిల్‌మెంటును విభజించినపుడు ఒక ఉపవిభాగమునకు గరాచర్మ పేరే పెట్టిరి.

ఆ కాలపు నియమములను చూచినచో, ఖైదీ మొదటి ఆరు నెలలు సెల్యులర్ జైలులో ఏకాంతముగా గడుపవలెను. పిమ్మట 18 నెలలు తక్కిన ఖైదీలతో కలసి కఠినమైన జైలు పని. అటుపై మూడేండ్లు కావలిలో కూలిపని. ఆపైన అయిదేండ్లు కొంత సులువైన పని, కొద్దిపాటి భత్యము. పదేండ్లు ఇట్లు గడచి నడవడి బాగుగ నున్నచో అతనికి ఒక టికెట్టు ఇచ్చెడివారు. టికెట్టు పొందినవాడు స్వయంపోషకుడు. అనగా ఊరిలో ఇల్లు కట్టుకొని, పొలము దున్ని, పశువులను పెంచి, తన కూడు తాను సంపాదించుకొనవచ్చును. పెండ్లి చేసికొనవచ్చును, లేదా స్వస్థలము నుండి భార్యాబిడ్డలను రప్పించుకొనవచ్చును. దీవులు విడిచి పోరాదు, పనిలేక కూర్చుండరాదు. మొదటి మూడు నాలుగేండ్లు ఇంటి విషయమున, తిండి విషయమున, పనిముట్ల విషయమున అతనికి సహాయము లభించెడిది. ఆ పిమ్మట పన్నులన్నియు అతడే చెల్లించుకొనవలెను.

ఇది పరాయి ప్రభుత్వము నడపిన శిక్షాపద్ధతి. జ్వరములతో, దెబ్బలతో, దిగులుతో ఇచ్చట ప్రాణములు విడిచినవారు అనేకులు. దానిని మెచ్చుకొనుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. కాని ఒక విషయము గమనింపదగియున్నది. హత్యచేసినవాడు, దోచినవాడు అని ముద్రపడినవారు ఈ నేలపైననే ఇరుగుపొరుగులై, బిడ్డలను పెంచి, బడికి పంపిరి. వారి సంతతివారిని ఈ దీవులలో లోకల్ బార్న్ అందురు. రైతులుగా, వర్తకులుగా, ఉద్యోగులుగా వారు గౌరవముతో జీవించుచున్నారు. నేరము చేసినవాడు ఎన్నటికిని నేరస్థుడే అను మాట ఇచ్చట నిలువదు.

ఖైదీలను మరియొక విధముగ కూడ ఆ ప్రభుత్వము వాడుకొనెను. సెల్యులర్ జైలులో వార్డర్లు, పెటీ ఆఫీసర్లు, టిండాళ్ళు, జమాదార్లు పలువురు ఖైదీలే. తోటి ఖైదీలచేత గానుగ తిప్పించుట, కొబ్బరిపీచు కొట్టించుట వారి పని. వారు చూపిన క్రౌర్యమును ఆ జైలులోనున్న రాజకీయ ఖైదీలు తమ స్మృతులలో విపులముగ వ్రాసిరి. ఇరుతెగలవారును నేరము చేసి శిక్ష పొందినవారే. ఒకనికి నాగలినిచ్చి పొరుగువాని ప్రక్కన నిలిపిరి. వేరొకనికి లాఠీనిచ్చి తోటివాని నెత్తిపై నిలిపిరి. ఫలితములు రెండు విధములుగ నుండుట వింతకాదు. నేరజీవితమును విడిచినవారిని యువజనులకు తోడుగా నియమింపదలచిన వారెల్లరు మొదట తెలిసికొనవలసిన భేదమిది.

నమ్మకములో అపాయము లేకపోలేదు. 1872 ఫిబ్రవరి 8వ తేదీన హోప్‌టౌన్ రేవులో వైస్రాయి మేయో ప్రభువును పొడిచి చంపిన షేర్ అలీ అను ఖైదీ, నడవడి బాగుగ నున్నదని మంగలిపని చేసికొనుటకు అనుమతి పొందినవాడే. అయినను ఆ ఒక్కని కారణముగ టికెట్టు పద్ధతి నిలిచిపోలేదు. సెటిల్‌మెంటు రద్దగువరకు స్వయంపోషకుల గ్రామములు సాగినవి.

సముద్రమునుండి వచ్చు అపాయము

2019 సెప్టెంబరులో కార్ నికోబారు దాపున మయన్మారుకు చెందిన ఒక పడవ నుండి కోస్టు గార్డువారు 1,160 కిలోల కెటమిన్ పట్టుకొనిరి. 2024 నవంబరులో బారెన్ దీవి సమీపమున మరియొక పడవలో సుమారు 6,000 కిలోల మెథాంఫిటమిన్ దొరకెను. ఈ సరుకు అండమాను యువకుల కొరకే వచ్చినది కాదు. కాని సరుకు పోవు దారి ప్రక్కన నివసించువారికి దాని తాకిడి తప్పదు. పడవవారు పట్టుబడుదుమను భయమున పొట్లములను సముద్రములో పారవేయుట కలదు. అట్టి పొట్లము ఒడ్డునకు కొట్టుకొనివచ్చి ఒక పదునేడేండ్ల కుర్రవాని చేతికి దొరకినచో, అది అతనికి ఏకకాలమున మత్తుమందు, ధనము, నేరము మూడును అగును. వేటకు పోవు జాలరి కుటుంబములవారు పిల్లలకు ముందుగనే చెప్పవలసిన మాట ఒకటి కలదు: తీరమున అట్టి పొట్లము కనబడినచో తాకక, విప్పక, పోలీసులకు గాని కోస్టు గార్డుకు గాని తెలుపవలెను.

మెథాంఫిటమిన్‌ను కుర్రవాండ్రు ఐస్ అందురు. దానిని వాడినవానికి నిద్ర పట్టదు, ఆకలి వేయదు. గుండె వేగముగ కొట్టుకొనును. అందరును తనకు కీడు తలపెట్టుచున్నట్లు అనుమానము కలుగును. మత్తు దిగిన పిమ్మట కలుగు నీరసము, దిగులు భరింపరానివగుటచే మరల అదే వస్తువును వెదకును. అయితే ఐస్ పేరు విని భయపడు తలిదండ్రులు ఇంటి సారాసీసాను, బీడీలోని గంజాయిని, బడిసంచిలోని జిగురు గొట్టమును మరువరాదు. 2019లో ప్రకటింపబడిన జాతీయ సర్వేక్షణములో ఒక వింత కనబడినది. జిగురు, వైట్‌నరు వంటివాని ఆవిరిని పీల్చు అలవాటు పెద్దలలో 0.58 శాతముండగా, 10 నుండి 17 ఏండ్ల పిల్లలలో 1.17 శాతమున్నది. పెద్దలకన్న పిల్లలలో హెచ్చుగనున్న మత్తు ఇది ఒక్కటియే. చవుకగ దొరకునది, ఎవరును అనుమానింపనిది కావుటయే కారణము.

యుక్తాయుక్తములను తూచి చూచు మెదడుభాగము ఇరువది ఏండ్లు దాటిన పిమ్మట గాని పూర్తిగ పక్వము కాదు. అందుచేత పదునాలుగేండ్లవానికి రేపటి జైలుకన్న నేటి స్నేహితుల నవ్వు పెద్దదిగ తోచును. మొదటి మోతాదు సాధారణముగ ఉచితము. తరువాత అప్పు. అప్పు తీర్చుటకు ఒక పొట్లమును ఒకచోటినుండి వేరొకచోటికి చేర్చవలెనందురు. ఈ మూడు మెట్లను దిగి చూచినవానికి తెలిసినట్లు ఉపాధ్యాయునికి గాని, తండ్రికి గాని తెలియదు. కుర్రవాడు ఏ మెట్టుపై నున్నాడో అట్టివాడు మొగము చూచి చెప్పగలడు.

భయపెట్టుట, తోడుండుట

అందుచేతనే నేరజీవితమును విడిచినవారిని పిలిచి పిల్లలకు బుద్ధి చెప్పింపవలెనను ఆలోచన అనేక దేశములలో పుట్టినది. కాని అది పుట్టిన తీరు అన్నిచోట్ల ఒకటి కాదు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున రావే అను జైలులో యావజ్జీవ ఖైదీలు 1976లో ఒక కార్యక్రమము నారంభించిరి. అల్లరి బాలురను ఒక పూట జైలులోనికి తీసికొనివచ్చి, ఖైదీలు వారిని చుట్టుముట్టి, అరచి, తిట్టి, జైలుబ్రతుకు ఎంత ఘోరమో కండ్లకు కట్టునట్లు చెప్పెడివారు. 1978లో దీనిపై తీసిన చలనచిత్రము ఆస్కార్ బహుమానము పొందెను. ఆ దేశమందు ఊరూర ఇట్టి కార్యక్రమములు వెలసినవి. చూచినవారందరు ఇది తప్పక పనిచేయునని తలంచిరి.

తరువాత పరిశోధకులు ఇట్టి కార్యక్రమములపై జరిగిన 9 శాస్త్రీయ పరీక్షలను ఒకచోట చేర్చి చూచిరి. వానిలో పాల్గొన్న బాలురు వెయ్యికి కొంచెము తక్కువ. జైలుకు పోయి భయపడి వచ్చిన బాలురు, పోనివారికన్న తరువాత ఎక్కువ నేరములు చేసినట్లు తేలెను. ఏమియు చేయకుండుటకన్న ఇది చెరుపు చేసినది! కారణములు ఊహింపవచ్చును. తిట్టువాని ఎదుట తల వంచని కుర్రవాడు తోటివారి దృష్టిలో వీరుడగును. బిగ్గరగ అరచిన ఖైదీ కొందరికి భయంకరుడుగ గాక ఆదర్శపురుషుడుగ కనబడును. పైగా ఆ పూట గడచిన మరునాడు ఆ బాలుని ప్రక్కన ఎవరును లేరు.

దీనితో పోల్చదగిన వేరొక పరీక్ష కలదు. అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అను సంస్థ బాలబాలికలకు ఒక్కొక్కరికి ఒక్కొక్క పెద్దను జతచేయును. వారు క్రమము తప్పక కలసికొందురు. 1995లో ప్రకటించిన అధ్యయనములో 10 నుండి 16 ఏండ్ల వారు 959 మందిని పరిశీలించిరి. ఏడాదిన్నర గడచుసరికి, జతకూడినవారు మత్తుమందులు మొదలుపెట్టుట తక్కినవారికన్న 46 శాతము తక్కువగ నుండెను. ఆ పెద్దలు నేరము చేసి విడిచినవారు కారు, సామాన్యులు. కాని వారు చేసిన పని ఏమి? ఉపన్యాసము కాదు. కలసి నడచుట, బంతి ఆడుట, మాట వినుట. తరువాత అదే సమాచారమును మరల పరిశీలించినవారు ఒక హెచ్చరిక చేసిరి. ఏడాది, అంతకుమించి సాగిన జతలలో మేలు హెచ్చు. మూడు నెలలలోపల తెగిన జతలలో మాత్రము బాలుని ఆత్మగౌరవము మునుపటికన్న తగ్గెను. ఇదివరకే ఒకరిద్దరు పెద్దలు విడిచిపోయిన పిల్లవానిని మరియొకరు విడిచిపోయినచో గాయము లోతగును. ఏడాది నిలువలేనివారు ఈ పనికి పూనుకొనకుండుటయే మేలు.

కావున గతము చెడినవాని విలువ అతడు చెప్పు కథలో లేదు. కథ ఒక పూటకు సరిపోవును. అతని విలువ మరునాడు, ఆ మరునాడు కూడ వచ్చి నిలుచుటలో నున్నది.

అట్టివాని దినచర్య చూచుటకు చాల సామాన్యముగ నుండును. బాలుడు వేటపడవపై పనికి కుదిరినచో తెల్లవారుజామున లేపవలెను. మెకానిక్కు షెడ్డులో చేరినచో మొదటి నెల జీతము చేతికి వచ్చు సాయంకాలము ప్రక్కన నుండవలెను. ఎందుకనగా పాత స్నేహితులు అప్పు అడుగుటకు వచ్చునది ఆ సాయంకాలమే. పదవ తరగతి తప్పినచో ఆ రాత్రి ఇంటికి పోవలెను. "తమ్ముడూ, రేపు పొద్దున్న జెట్టీ దగ్గర కనబడతావా?" అని అడుగుటలో ఉపదేశము లేదు. "వస్తానన్నా" అని బాలుడు చెప్పి రాకపోయినచో కోపింపక మరల అడుగుటయే పని. ఎప్పుడు వాడితివి, ఎవరిచ్చిరి అని నిలదీయుటకన్న, నేడు తిన్నావా అను ప్రశ్న ఎక్కువ సమాధానములు తెచ్చును.

1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణమున బిల్ విల్సన్ అను వ్యాపారి త్రాగుడు మాని కొద్ది నెలలైనది. వ్యవహారము చెడి, ఒంటరిగ నుండి, మరల త్రాగుదునేమో అని భయపడి, త్రాగుబోతైన మరియొకనితో మాటలాడవలెనని వెదకెను. అట్లు దొరకిన డాక్టరు బాబ్ స్మిత్‌తో కలసి స్థాపించినదే ఆల్కహాలిక్స్ అనానిమస్. అతడు వెదకినది ఎదుటివానిని ఉద్ధరించుటకు కాదు, తాను నిలుచుటకు. డొనాల్డ్ క్రెస్సీ అను నేరశాస్త్రజ్ఞుడు 1955లో ఇదే విషయమును సిద్ధాంతముగ వ్రాసెను. ఒక నేరస్థుడు వేరొక నేరస్థుని బాగుచేయుటకు పూనుకొన్నచో, బాగుపడుట మొదట పూనుకొన్నవానిలోనే కనబడునని అతని వాదము. స్వయంపోషకుడు తన పొలముతో పాటు తన పేరును కాచుకొన్నట్లే, తోడుగ నిలిచినవాడు బాలుని కాచుటలో తన్ను తాను కాచుకొనును. ఈ లాభమును దాచనక్కరలేదు. "నీకు సాయము చేయుట నాకు కూడ అవసరము" అని చెప్పగలవానిని బాలుడు త్వరగ నమ్మును.

స్టూవర్టుపురము

ఆంధ్రదేశములోని ఒక ఉదాహరణము ఇచ్చట స్మరింపదగినది. బాపట్ల ప్రాంతమున స్టూవర్టుపురము అను ఊరిని 1913 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వము సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి నెలకొల్పెను. నేరస్థ తెగల చట్టము క్రింద ఎరుకల కుటుంబములను అచ్చట చేర్చిరి. 1871లో పుట్టిన ఆ చట్టము, పుట్టిన బిడ్డను కూడ పుట్టుకతోనే నేరస్థునిగ లెక్కించుచుండెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1952లో అది దేశమంతట రద్దయ్యెను. చట్టము పోయినను ఊరికి అంటిన పేరు పోలేదు. ఎక్కడ దొంగతనము జరిగినను ఆ ఊరి యువకులపై అనుమానము పడుట, పనికి పోయినచో ఊరి పేరు విని త్రిప్పిపంపుట చాలకాలము సాగినవి. అందరిని దొంగలనుట అన్యాయము. అట్లు అనగా అనగా దొంగతనము తప్ప వేరుదారి లేకపోవుట అంతకన్న అన్యాయము.

1970ల మధ్యకాలమున లవణము, హేమలతా లవణము దంపతులు ఈ ఊరిలో పని మొదలుపెట్టిరి. లవణము గోరా కుమారుడు. హేమలత మహాకవి జాషువా కుమార్తె. వారు ఊరిలోనికి పోయి, ఇండ్లలో కూర్చుండి, నేరము విడువదలచినవారికి జీవనోపాధి కల్పించుటకును, పోలీసులకును వారికిని మధ్య నమ్మకము కుదుర్చుటకును సంవత్సరముల తరబడి శ్రమించిరి. ఇచ్చట గమనింపవలసినది ఏమనగా, విడిచినవానికి మరునాడు చేయుటకు పని లేనిచో విడుచుట నిలువదు. గరాచర్మ స్వయంపోషకునికి మొదటి మూడేండ్లు లభించిన ఇల్లు, తిండి, పనిముట్లు చేసిన పనియు ఇదియే. జైలునుండి వచ్చినవాని నడవడి బాగుగ నున్నదని అందరును ఒప్పుకొని, పని మాత్రము ఎవరును ఇయ్యకున్నచో, అతడు ఇతరుల పిల్లలకు ఏమి చూపగలడు? పోలీసు ధ్రువపత్రము అడిగి త్రిప్పిపంపు యజమానులు ఈ ప్రశ్నను తమలో తాము వేసికొనవలెను.

తోడుగ నిలుచువాడు ఎరుగవలసిన హద్దులు

గరాచర్మకు సమీపమున ప్రోత్రాపూరులో జిల్లా జైలు కలదు. అచ్చటినుండి గాని, ఏ జైలునుండి గాని, మత్తుమందు అలవాటున్న యువకుడు విడుదలయైన మొదటి రెండు వారములు అత్యంత ప్రమాదకరములు. ముఖ్యముగ హెరాయిను, మత్తు ఇంజక్షనులు వంటి నల్లమందు జాతి పదార్థములు వాడినవారి విషయమున ఈ ప్రమాదము హెచ్చు. జైలులో మందు లేక శరీరము పూర్వపు సహనశక్తిని కోల్పోయి యుండును. బయటికి వచ్చి పాత మోతాదునే తీసికొన్నచో శ్వాస ఆగిపోవును. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున జైళ్ళనుండి విడుదలయైనవారిని పరిశీలించి 2007లో ప్రకటించిన అధ్యయనములో, ఈ రెండు వారములలో మరణము సామాన్యజనులకన్న 12 రెట్లకు మించి యుండెను. మోతాదు మించిన మత్తుమందే ముఖ్యకారణము. తోడుండువాడు విడుదల నాటి ఉదయమే జైలు ద్వారమువద్ద నుండవలెననుట ఇందుచేతనే. పెదవులు నీలమై, శ్వాస మందగించి, పిలిచినను పలుకని మనిషిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, తక్షణము 112కు గాని 108కి గాని ఫోను చేయవలెను. నలొక్సోను అను మందు ఇట్టి స్థితిలో ప్రాణము నిలుపగలదు. నిద్రపోయి లేచునని విడిచిపోరాదు.

మత్తు మానుట పట్టుదల విషయము మాత్రమే అని నమ్మి, గదిలో పెట్టి తాళము వేయు కుటుంబములు నేటికిని కలవు. చాల ఏండ్లు త్రాగినవాడు హఠాత్తుగ మానినచో మూర్ఛలు, సన్నిపాతము వచ్చి మరణింపవచ్చును. నల్లమందు జాతి పదార్థములు మానినవానికి ఆవులింతలు, ముక్కు కారుట, ఒడలు నొప్పులు, విరేచనములు కలుగును. సాధారణముగ ఇవి ప్రాణాపాయము కాకపోయినను, భరింపలేక మరల వాడుదురు. ఈ స్థితులకు మందులు కలవు. బ్యుప్రెనార్ఫిను వంటి మందులతో నెలల తరబడి చికిత్స చేయుట వైద్యశాస్త్రము అంగీకరించిన మార్గము. అది ఒక మత్తును విడిచి మరియొక మత్తును పట్టుట అని ఎగతాళి చేయు పాత వ్యసనపరులు కలరు. తాను మందులేక మానినందున అందరును అట్లే మానవలెననుట పొరపాటు. అతని పని బాలుని డాక్టరు వద్దకు తోడ్కొనిపోవుట. డాక్టరు పని చేయుట కాదు.

అతడు పోలీసులకు వార్తాహరుడు కూడ కారాదు. ఒక్క మారు ఆ అనుమానము పుట్టినచో ఆ వీధిలో అతని మాట ఎవరును వినరు. ఎవరి ప్రాణమునకైనను అపాయమున్నపుడు, పసివానిపై అత్యాచారము జరిగినట్లు తెలిసినపుడు మాత్రము మౌనము తగదు; ఈ సంగతిని మొదటి దినముననే బాలునికి చెప్పియుంచవలెను. అట్లే బాలుని కలసికొనుట తలిదండ్రులకు తెలిసి, నలుగురు చూచుచోట జరుగవలెను. డబ్బు అప్పు ఇయ్యరాదు, తీసికొనరాదు. పిల్లలపై నేరము చేసినవారిని ఈ పనికి ఎన్నడును తీసికొనరాదు. తోడుగ నిలిచినవాడు తానే మరల జారినచో కొంతకాలము ప్రక్కకు తప్పుకొని చికిత్స పొందవలెను. అది సిగ్గుపడవలసిన విషయము కాదు. దాచుట మాత్రము ప్రమాదము.

ఈ మార్గమున చెడిన సంస్థలును కలవు. 1958లో కాలిఫోర్నియాలో స్థాపింపబడిన సినానాన్, వ్యసనము విడిచినవారే నడపిన సంస్థగ మొదట మిక్కిలి పేరు పొందెను. కాలక్రమమున దాని స్థాపకుని మాటయే వేదమై, ప్రశ్నించినవారిపై దౌర్జన్యము జరుగు స్థితికి చేరెను. లాఠీ చేతికిచ్చిన సెల్యులర్ జైలు పెటీ ఆఫీసరే మరియొక వేషమున వచ్చినట్లయ్యెను. తోడుగ నిలిచినవానికి గౌరవము, జీతము, శిక్షణ ఇయ్యవచ్చును. ఎవరికిని జవాబు చెప్పనక్కరలేని అధికారము ఇయ్యరాదు. షికాగోలోను, కాలిఫోర్నియాలోని రిచ్‌మండులోను వీధి పోరాటములను ఆపుటకు పూర్వము నేరములు చేసినవారినే జీతమిచ్చి నియమించిరి. కొన్ని పేటలలో హత్యలు తగ్గినవి, కొన్నిటిలో భేదము కనబడలేదు. మనుష్యులను ఎన్నుకొనుటలోను, కనిపెట్టుటలోను ఎంత జాగ్రత్త అవసరమో దీనివలన తెలియును.

చట్టము, చికిత్స

భారతదేశములో ఈ పనికి చోటు లేకపోలేదు. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖవారి సహాయముతో నడచు వ్యసనవిముక్తి కేంద్రములలో, మత్తు విడిచి ఒకటి రెండేండ్లు నిలిచినవారిని తోటి శిక్షకులుగా నియమించుటకు వీలున్నది. పదునెనిమిదేండ్లలోపు వారిని మొదటి మోతాదుకు ముందే కాపాడుటకు తోటి బాలుర ద్వారా పనిచేయు పథకమును కూడ ఆ శాఖ నడపుచున్నది. 2020 ఆగస్టు 15న 272 జిల్లాలలో నశా ముక్త భారత్ అభియాన్ ఆరంభమయ్యెను.

తలిదండ్రులలో అనేకులు డాక్టరు వద్దకు పోయినచో కేసు పెట్టుదురని భయపడుదురు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని 64ఎ సెక్షను ప్రకారము, వ్యసనపరుడు తన వాడకమునకు గాని, స్వల్పపరిమాణమునకు గాని సంబంధించిన నేరారోపణకు లోబడినను, ప్రభుత్వము గుర్తించిన చోట స్వయముగ చికిత్స కోరి దానిని పూర్తిచేసినచో, ఆ నేరమునకు అతనిపై విచారణ ఉండదు. సగములో విడిచినచో ఈ రక్షణ పోవచ్చును. బాలునిచే మత్తుమందులు మోయించిన, అమ్మించిన పెద్దలకు 2015 నాటి బాలల న్యాయ చట్టము 78వ సెక్షను క్రింద ఏడేండ్ల వరకు కఠినశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా కలదు. అదే చట్టము క్రింద విచారణ జరిగిన బాలునికి, ఆ తప్పు కారణముగ చదువునకు, ఉద్యోగమునకు అనర్హత రాకూడదని 24వ సెక్షను చెప్పుచున్నది. అయితే 16 ఏండ్లు నిండి, ఘోరనేరమునకు పెద్దవానివలె విచారింపబడిన వానికి ఇది వర్తింపదు.

గరాచర్మ పరిసరములవారు మొదట సమీపమున నున్న ఆరోగ్య కేంద్రమునకు గాని, శ్రీ విజయపురములోని జి. బి. పంత్ ఆసుపత్రికి గాని పోవచ్చును. మత్తు మానుటకు సలహా కొరకు 14446, మనోవ్యథకు 14416 నంబర్లకు రుసుము లేక ఫోను చేయవచ్చును. రెండవ నంబరు రాత్రింబవళ్ళు పలుకును, తెలుగులో మాటలాడవచ్చును. ఫోను చేయునపుడు ఏ పదార్థము, ఎంతకాలముగ, చివరిమారు ఎప్పుడు వాడెను అను మూడు సంగతులు దగ్గర నుంచుకొనవలెను. బాలుడు తాను మాటలాడనన్నచో, అతనికి నమ్మకమైన అన్నను ప్రక్కన కూర్చుండబెట్టుకొని తల్లియే చేయవచ్చును.